పెళ్ళి తంతులో ఏది సూత్రం, ఏది ఆచారం? చెన్నైలో తెలుగు-తమిళ పెళ్ళి గురించి సలహా కావాలి

పెరంబూరు_అమ్మ | శనివారం, ఉదయం 10:15

అందరికీ నమస్కారం. మా పూర్వులది నెల్లూరు వైపు. తాతల కాలం నుంచీ మద్రాసులోనే ఉంటున్నాం. మా అమ్మాయి పెళ్ళి వైశాఖంలో, వడపళనిలో కళ్యాణ మండపం మాట్లాడుకున్నాం. అబ్బాయి వాళ్ళు తమిళులు, వెస్ట్ మాంబళం. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, రెండిళ్ళ పెద్దలకీ సమ్మతమే. చిక్కంతా తంతు దగ్గర వచ్చింది.

వాళ్ళ వాద్యార్‌నీ మా పురోహితుణ్ణీ కూర్చోబెట్టి మాట్లాడించాం. జీలకర్ర బెల్లం తమకు లేదని వాళ్ళంటారు. మాకు అది లేకపోతే సుముహూర్తమే లేదు. మా వైపు మూడు ముళ్ళూ పెళ్ళికొడుకే వేస్తాడు. వాళ్ళకి మొదటి ముడి అతనిది, తక్కినవి అతని అక్క వేస్తుంది. మేం రెండు పుస్తెలు చేయిస్తాం, వాళ్ళ తాళి రూపే వేరు. ఊంజల్ (వధూవరులను ఉయ్యాలలో కూర్చోబెట్టి పాటలు పాడే వేడుక) ఉండాలంటున్నారు, అది మాకూ ఇష్టమే. వీటిలో ఏవి వదలకూడనివి, ఏవి సర్దుకోదగ్గవి?

ఇంకో సంగతి కూడా ఉంది. మావారు కాలం చేశారు. కన్యాదానానికి మా తమ్ముడూ మరదలూ పీటల మీద కూర్చుంటారు, అందులో నాకు బాధ లేదు. కానీ మా వాళ్ళల్లోనే ఒకరు, మంగళస్నానం దగ్గరికీ తాళి పళ్ళెం దగ్గరికీ నేను రాకపోతేనే మంచిదన్నారు. అమ్మాయి విని భోజనం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. అమ్మ పక్కన లేని పందిట్లో నాకేం పని అంటోంది. ఇది నిజంగా శాస్త్రంలో ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

టి_నగర్_కోడలు | శనివారం, ఉదయం 10:48

అక్కా, మాదీ ఇలాంటి పెళ్ళే. తంతు సంగతి నేను చూసింది చెప్తాను. రెండో ప్రశ్నకు జవాబు పెద్దవాళ్ళు చెప్పాలి.

మా పెళ్ళిలో ముహూర్తానికి అడ్డుతెర పట్టారు. తెర వెనక నుంచే ఒకరి నెత్తిన ఒకరం తమలపాకులో జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం. తెర దించారు, చూపులు కలిశాయి. వెంటనే వాళ్ళ పద్ధతిలో మా నాన్న ఒళ్ళో కూర్చోబెట్టి తాళి కట్టించారు. మొదటి ముడి ఆయన, మిగతా రెండూ మా ఆడపడుచు. అంతా ఒకే ముహూర్తంలో అయిపోయింది. ఇద్దరు పురోహితులూ ముందే కూర్చుని ఏది ఎప్పుడో కాగితం మీద రాసుకున్నారు కాబట్టి పందిట్లో మాటామాటా రాలేదు. ఆ కాగితం మాత్రం తప్పకుండా రాయించండి.

జీలకర్ర బెల్లం ముందురోజు రాత్రే నూరి పెట్టకండి. బెల్లం నీరు వదిలి చేతుల మీదుగా కారుతుంది, జుట్టంతా జిగట. ముహూర్తానికి గంట ముందు, నీళ్ళు తగలకుండా రోట్లో నూరించుకోండి. ముద్ద గట్టిగా ఉండాలి.

కోడంబాక్కం_కుర్రాడు | శనివారం, ఉదయం 11:20

జీలకర్ర, బెల్లం కలిపితే ధన విద్యుత్తు పుడుతుందట. బ్రహ్మరంధ్రం దగ్గర పెట్టుకుని ఒకరినొకరు చూసుకుంటే ఇద్దరి మధ్యా ఆకర్షణ ఏర్పడుతుందని మా వాట్సాప్ గుంపులో వచ్చింది. అబ్బాయి వాళ్ళకు ఈ శాస్త్రీయ కారణం చెబితే ఒప్పుకుంటారేమో.

సూత్రపాఠం | శనివారం, మధ్యాహ్నం 12:05

బాబూ, ఆ మాట వియ్యాలవారి దగ్గర చెప్పకండి. మిరియం పొడి, చక్కెర కలిపితే పుట్టని విద్యుత్తు జీలకర్ర, బెల్లం కలిపితే పుట్టదు. ఏ సూత్రంలోనూ, ఏ భాష్యంలోనూ అలాంటి మాట లేదు. మన ఆచారానికి లేని శాస్త్రం అంటగడితే, అది తప్పని తేలిన రోజు పిల్లలు ఆచారాన్నే అవతల పారేస్తారు.

పెరంబూరు అమ్మగారూ, ఒక్కటి చెప్పండి. మీ వాళ్ళు అభివాదంలో, అంటే పెద్దలకు మొక్కుతూ గోత్రం చెప్పుకునేటప్పుడు, ఏ సూత్రం (ఇంటి కర్మల విధానం చెప్పే పాత గ్రంథం) చెప్పుకుంటారు? అబ్బాయి వాళ్ళదేమిటి?

పెరంబూరు_అమ్మ | శనివారం, మధ్యాహ్నం 1:30

మా తమ్ముణ్ణి అడిగాను. మాది ఆపస్తంబ సూత్రం, యజుశ్శాఖ. వాళ్ళింటికి కూడా ఫోన్ చేశాం. వాళ్ళదీ అదేనట!

సూత్రపాఠం | శనివారం, సాయంత్రం 5:10

అయితే మీ పని సగం అయిపోయినట్టే. నేను పాఠశాలలో స్మార్తం (ఇంటి కర్మలు చేయించే విద్య) చదువుకుని, ఈ ఊళ్ళో రెండు భాషల ఇళ్ళలోనూ పెళ్ళిళ్ళు చేయిస్తున్నాను. కొంచెం వివరంగా చెప్తాను.

ఆపస్తంబ గృహ్యసూత్రంలో పెళ్ళి ఇలా నడుస్తుంది. వరుడు వధువును మంత్రపూర్వకంగా చూస్తాడు, అదే సమీక్షణం. బొటనవేలు, ఉంగరపు వేలి మధ్య దర్భ పట్టుకుని ఆమె కనుబొమల నడుమ తుడిచి వెనక్కి పారేస్తాడు. తరువాత కాడి. దర్భతో చుట్ట చేసి పెళ్ళికూతురి నడినెత్తిన పెడతారు. దానిమీద కాడికున్న కుడి రంధ్రం ఆనిస్తారు. రంధ్రంలో బంగారం ఉంచి, పైనుంచి నీళ్ళు పోస్తారు. బంగారాన్ని తడిపిన నీళ్ళు ఆమె నెత్తిన పడతాయి. ఆ తరువాత కొత్తబట్ట, నడుముకు దర్భతాడు (యోక్త్రం), అగ్ని దగ్గరికి తీసుకురావడం, పాణిగ్రహణం, సప్తపది, హోమాలు, సన్నికల్లు తొక్కించడం, పేలాల హోమం, అగ్ని చుట్టూ ప్రదక్షిణ.

కాడి వెనక ఋగ్వేదం ఎనిమిదో మండలంలోని అపాల కథ ఉంది. చర్మవ్యాధితో బాధపడే ఆ అమ్మాయిని ఇంద్రుడు రథం రంధ్రం, బండి రంధ్రం, కాడి రంధ్రం గుండా మూడుసార్లు శుద్ధి చేసి సూర్యుడిలా మెరిసే ఒళ్ళు ఇచ్చాడు. ఇవాళ మన పెళ్ళిళ్ళలో చేతిలో పట్టేంత చెక్కకాడి వాడి, రంధ్రంలో మంగళసూత్రాన్నే ఉంచుతున్నారు. తమిళులు దీన్ని నుగత్తడి అంటారు. మీ అబ్బాయి వాళ్ళ వాద్యార్ సంచీలో అది ఉండే ఉంటుంది.

ఇప్పుడు ఈ వరసలో లేనివి చూడండి. జీలకర్ర బెల్లం లేదు. తలంబ్రాలు లేవు. కాశీయాత్ర లేదు. ఊంజల్ లేదు. తాళి కూడా లేదు. "మాంగల్యం తంతునానేన" అన్నది శ్లోకమే, వేదమంత్రం కాదు. వాల్మీకి రామాయణం బాలకాండలో జనకుడు "ఇయం సీతా మమ సుతా సహధర్మచరీ తవ" అని, ఈమె చేతిని నీ చేత్తో పట్టుకో అంటాడు. అన్నదమ్ములు నలుగురూ అగ్నికి ముమ్మారు ప్రదక్షిణం చేస్తారు. అక్కడా తాళి ప్రసక్తి లేదు.

అలాగని ఇవన్నీ తీసేయమనడం లేదు. సూత్రకారుడే రెండో ఖండంలో "ఆవృతశ్చాస్త్రీభ్యః ప్రతీయేరన్" అన్నాడు. పెళ్ళిలో చేయవలసిన ఆచారాలను ఆడవాళ్ళను అడిగి తెలుసుకోండి అని. ఆశ్వలాయనుడు కూడా దేశాచారాలూ గ్రామాచారాలూ రకరకాలుగా ఉంటాయి, పెళ్ళిలో వాటిని పాటించండి అన్నాడు. కాబట్టి మీ ఇంటి జీలకర్ర బెల్లానికీ, వాళ్ళింటి అక్క వేసే ముళ్ళకూ ఒకే బలం ఉంది. దేన్ని చిన్నబుచ్చినా సూత్రాన్ని మీరినట్టే.

మా ఇళ్ళలో జీలకర్ర బెల్లం పెట్టించేటప్పుడు "ధ్రువం తే రాజా వరుణో" అనే మంత్రం చదువుతాం. ఋగ్వేదం పదో మండలంలో అది రాజును రాజ్యంలో స్థిరంగా నిలిపేటప్పుడు చెప్పే సూక్తంలోది. కొత్తగా కాపురం పెట్టే ఇద్దరికీ అదే దీవెన ఇస్తున్నాం. వాద్యార్‌కు ఈ మంత్రం చెప్పి చూడండి, ఆయన అడ్డు చెబుతారనుకోను.

మీ రెండో ప్రశ్నకు విడిగా రాస్తాను. అది తొందరలో చెప్పేది కాదు.

నిండుజాబిలి | శనివారం, రాత్రి 8:02

అసలు కన్యాదానమే ఎందుకండీ? నాకు ఉద్యోగం ఉంది, చదువు ఉంది, నా పేరుతో ఇల్లు ఉంది. పశువునో పొలాన్నో ఇచ్చినట్టు నన్ను నీళ్ళు వదిలి ఎవరికో ఇవ్వడమేమిటి? మా ఇంట్లో ఈ మాట ఎత్తితే అమ్మ ఏడుస్తుంది, నాన్న లేచి వెళ్ళిపోతారు. నిజాయితీగా జవాబు చెప్పేవాళ్ళు కావాలి.

విరించిపురం_దారి | శనివారం, రాత్రి 9:25

మీ ప్రశ్నకు వేలూరు దగ్గర ఒక రాతి మీద కొంత జవాబు ఉంది. నేను శాసనాలు చదివే పనిలో ఉన్నాను.

విరించిపురం గుడిలో 1425 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగరం దేవరాయల కాలం. పడైవీడు రాజ్యంలోని బ్రాహ్మణులు, కన్నడిగులూ తమిళులూ తెలుగువాళ్ళూ లాటులూ (గుజరాత్ వైపువాళ్ళు) అందరూ చేరి ఒడంబడిక రాసుకున్నారు. ఇకమీదట పెళ్ళిళ్ళు కన్యాదానంగానే చేయాలి, పిల్లనిచ్చి బంగారం పుచ్చుకున్నవాడు, బంగారం ఇచ్చి పిల్లను తెచ్చుకున్నవాడు రాజదండనకు పాత్రులు, కులం నుంచి వెలి అని. అంటే అప్పట్లో ఆడపిల్లను అమ్ముకోవడం కట్టుబాటు రాసుకునేంతగా ముదిరిందన్నమాట. ఆ పరిస్థితిలో కన్యాదానమంటే "ఈ పిల్లకు వెల లేదు" అని నలుగురి ముందూ చెప్పడం. ఆ కట్టుబాటు అన్ని చోట్లా నిలవలేదు. గురజాడ 1892లో ఆడించి, 1897లో అచ్చువేసిన నాటకానికి పేరు కన్యాశుల్కమే. ఆ తరువాత అదే డబ్బు దారి మార్చుకుని వరకట్నమై కూర్చుంది.

ఇవాళ ఆ మాట మీకు గుచ్చుకోవడంలో తప్పు లేదు. ఆనాడు అది దేన్ని ఆపడానికి వచ్చిందో కూడా తెలుసుకుని తేల్చుకోండి.

లా_కాలేజీ_వీధి | శనివారం, రాత్రి 10:10

చట్టం సంగతి నేను చెప్తాను. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా పెళ్ళి చేసుకోవచ్చు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్ళి పూర్తయినట్టు. కన్యాదానం మాట ఆ సెక్షన్‌లో లేదు. అది తప్పనిసరి కాదని 2024లో అలహాబాద్ హైకోర్టు కూడా చెప్పింది.

మన రాష్ట్రంలో ఇంకో వెసులుబాటు ఉంది. అన్నాదురై ప్రభుత్వం 1967లో 7ఏ సెక్షన్ చేర్చింది. పురోహితుడు లేకుండా, బంధుమిత్రుల ముందు ఒకరినొకరు భార్యాభర్తలుగా ఒప్పుకుని దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా, తాళి కట్టినా ఆ పెళ్ళి చెల్లుతుంది. సుయమరియాదై (ఆత్మగౌరవ) పెళ్ళిళ్ళు అంటారు కదా, అవే. ఈ ఊళ్ళో తెలుగు ఇళ్ళలోనూ అలా చేసుకున్నవాళ్ళున్నారు.

సూత్రపాఠం | ఆదివారం, ఉదయం 6:40

నిండుజాబిలి గారికి ఒక మాట. మన పెళ్ళిలో దానం పట్టినవాడు ఊరికే తీసుకుపోడు. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను దాటి నడవకూడదు అని తండ్రి నిలదీస్తే "నాతిచరామి" అని వరుడు ఒప్పుకోవాలి. సప్తపదిలో ఏడో అడుగు వేశాక చెప్పే మాట "సఖా" అని, స్నేహితురాలు అని. అన్నానికి ఒక అడుగు, బలానికి ఒకటి, వ్రతానికి, సుఖానికి, పశుసంపదకు, ఋతువులకు, యజ్ఞానికి. పాణిగ్రహణం మంత్రం ఋగ్వేదంలోని సూర్యాసూక్తంలోది. నాతో కలిసి ముసలితనం దాకా ఉండు అని. అదే సూక్తంలో కోడలిని అత్తమామలకు, ఆడపడుచులకు, మరుదులకు సమ్రాజ్ఞివి కా అంటారు. పీటల మీద వీటి అర్థం చెప్పని పురోహితుల వల్లనే దానం ఒక్కటే మీ చెవిన పడుతోంది. మీ పెళ్ళికి వచ్చేవారిని అర్థం చెబుతూ చేయించమని ముందే అడగండి. అడగడం మీ హక్కు.

ఇక పెరంబూరు అమ్మగారి ప్రశ్న. ఆపస్తంబ గృహ్యసూత్రంలో తల్లి విధవ అయితే పందిట్లోకి రాకూడదని ఒక్క మాట లేదు. యాజ్ఞవల్క్య స్మృతి ఆచారాధ్యాయం అయితే ఇంకా ముందుకు వెళ్ళింది. "పితా పితామహో భ్రాతా సకుల్యో జననీ తథా" అని కన్యాదాతల వరస చెప్పింది. తండ్రి, తాత, అన్నదమ్ములు, దాయాదులు, ఆపైన తల్లి. తండ్రి లేనప్పుడు కూతురిని ధారపోసే అధికారం ఉన్నవాళ్ళలో తల్లి పేరుంది. భర్త ఉన్న తల్లి అనీ లేని తల్లి అనీ తేడా చెప్పలేదు. ఇచ్చేవాళ్ళెవరూ లేకపోతే అమ్మాయి తనంత తానే వరుణ్ణి ఎంచుకోవచ్చని కూడా ఆ వెంటనే ఉంది. ధారపోసే అధికారం ఉన్న మనిషిని తాళి పళ్ళెం ముట్టుకోవద్దనడానికి ఎవరికి నోరొస్తుంది?

మంగళస్నానానికి ముత్తైదువులు నీళ్ళు పోయడం పాత ఆచారమే. పోయనివ్వండి. తల్లి తలకు నూనె పెట్టకూడదని మాత్రం ఎక్కడా లేదు.

సంప్రదాయం_నిలవాలి | ఆదివారం, ఉదయం 8:15

శ్లోకాలు చూపించి ఆచారం తోసేయడం తేలిక. ఊళ్ళో పెద్దవాళ్ళు, ముఖ్యంగా ముసలి ముత్తైదువులు నొచ్చుకుంటే? పెళ్ళయ్యాక ఆ పిల్లకు చిన్న నలత వచ్చినా ఈ సంగతే తవ్వి తీస్తారు. అమ్మగారు ఒక్క పూట పక్కన కూర్చుంటే రెండు కుటుంబాలూ ప్రశాంతంగా ఉంటాయి. ఆచారాలకు స్త్రీలే ప్రమాణమని మీరే అన్నారు. ఈ నియమం పెట్టిందీ స్త్రీలే కదా?

మైలాపూర్_మామ్మ | ఆదివారం, ఉదయం 9:50

దీనికి నేను జవాబు చెప్తాను నాయనా, మనవరాలు టైపు చేస్తోంది. నేనూ ముసలిదాన్నే, ముత్తైదువుని కాను. మా పెద్దవాడి పెళ్ళిలో మండపం వెనక వంటశాలలో కూర్చున్నాను. గట్టిమేళం వినబడితే తాళి కడుతున్నాడని తెలిసింది. వంటవాడు నా ముఖం చూసి కాఫీ తెచ్చిచ్చాడు. కొడుకు నెత్తిన అక్షింతలు వేయలేదన్న బాధ ఇన్నేళ్ళయినా తీరలేదు. నన్ను ఎవరూ తిట్టి పంపలేదు, నా అంతట నేనే వెళ్ళాను, అలాగే నడవాలని నాకు నేర్పారు కాబట్టి.

స్త్రీలే పెట్టారంటున్నావు. మమ్మల్ని అడిగి పెట్టారా? నన్నెవరూ అడగలేదు. సూత్రంలో ఆడవాళ్ళను అడగమని ఉంటే, ఇప్పుడు నన్ను అడుగు. తల్లి పందిట్లో ఉండాలి, ముందు వరసలో ఉండాలి, పసుపూ కుంకుమా తన చేత్తో అందివ్వాలి. మా చిన్న మనవరాలి పెళ్ళికి నేను తలంబ్రాల బియ్యం కలిపాను. ఆ పిల్ల, పిల్లలు అందరూ చల్లగా ఉన్నారు.

పెరంబూరు అమ్మాయ్, నువ్వు వెనక్కి జరగకు.

కొసపేట_వీధి | ఆదివారం, ఉదయం 11:05

మామ్మగారి మాట చదివాక నాకూ రాయాలనిపించింది. సూత్రాలు, హోమాలు లేని పెళ్ళి మాది. వ్యాసర్‌పాడిలో ఉంటాం, పూర్వం నెల్లూరు జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. మా పెళ్ళిలో పెద్ద తంతు ఐరేని కుండలు. కుమ్మరింటికి మేళంతో వెళ్ళి, పసుపు కుంకుమ, బియ్యం, బట్టలు ఇచ్చి, సున్నం పూసి జాజుతో గీతలు గీసిన కుండలు నెత్తిన పెట్టుకుని తెస్తాం. ఊళ్ళో ఉన్నప్పుడు మా కుమ్మరి ఎవరో అందరికీ తెలుసు. ఇక్కడ మా అమ్మమ్మ పురసవాక్కం దగ్గర కొసపేటలో, వినాయకుడి బొమ్మలు చేసే వీధిలో ఒక పెద్దాయనను పట్టుకుంది. ఆయన తమిళుడు, ఐరేని కుండ ఎప్పుడూ చూడలేదు. అమ్మమ్మ నేల మీద సుద్దతో గీసి చూపించింది. మూతి దగ్గర మూడు గీతలు, కడుపు మీద అడ్డంగా జడలాంటి అల్లిక, కింద చుక్కలు. ఇప్పుడు ఆయన కొడుకు మా వాళ్ళందరికీ చేసిస్తున్నాడు.

పెళ్ళంటే ఊరంతా పనిచేసేది. కుండలకు కుమ్మరి, పుస్తెలకు కంసాలి, కొత్తబట్టలకు సాలెవారు, దారిలో మడుగులు పరచడానికి చాకలి, మేళానికి మంగలి. ఎవరి భాగం వాళ్ళకు ముట్టేది. ఈ పనుల వెంట మర్యాద ఉంది, తక్కువ చూపూ ఉంది, రెండూ నిజమే. కుమ్మరింటికి పెళ్ళివారే నడిచి వెళ్ళి అడిగి తెచ్చుకోవడం మాత్రం నాకు ఇష్టమైన పద్ధతి.

అయ్యవారిని ఒకటి అడగాలి. మా పద్ధతికి మీ పుస్తకాల్లో చోటుందా?

సూత్రపాఠం | ఆదివారం, మధ్యాహ్నం 12:30

ఉంది. ఆపస్తంబ ధర్మసూత్రంలో ఆఖరి మాటే అది. ఇక్కడ చెప్పకుండా మిగిలిపోయిన ధర్మాలను స్త్రీల దగ్గర, అన్ని వర్ణాలవారి దగ్గర తెలుసుకోవాలని కొందరంటారు అని గ్రంథం ముగించాడు. మీ అమ్మమ్మ సుద్దతో గీసి చూపించారే, ఆయన చెప్పింది ఆవిడ గురించే.

విరించిపురం_దారి | ఆదివారం, మధ్యాహ్నం 1:15

దీనికి తోడు ఒక పాత సాక్ష్యం. సంగం కాలపు తమిళ పాటల సంకలనం అకనానూరులో 86వ పాటలో పెళ్ళి వర్ణన ఉంది. మినుములు వేసి వండిన అన్నం, పందిరి కింద కొత్త ఇసుక, దీపాలు, చంద్రుడు మంచి నక్షత్రంతో కూడిన వేళ. కొడుకులను కన్న నలుగురు ఆడవాళ్ళు పూలూ వడ్లూ కలిపిన నీళ్ళు పెళ్ళికూతురి మీద పోసి దీవిస్తారు. అగ్నిహోత్రం లేదు, తాళి కట్టడం లేదు, పురోహితుడు లేడు. నడిపించిందంతా ఆడవాళ్ళే. ఇప్పటికీ మన ఇళ్ళలో పెళ్ళిపనులు పసుపు దంచడంతోనూ మినుములు విసరడంతోనూ మొదలుపెడతారు. అక్షింతలూ మంగళస్నానమూ తమిళనాట ఎంత పాతవో దీన్నిబట్టి చూడండి.

కోడంబాక్కం_కుర్రాడు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

కాశీయాత్ర కూడా ఆచారమేనా? గొడుగు, చెప్పులు, కర్ర ఎందుకు? ఇంకోటి, అరుంధతిని పట్టపగలు చూపిస్తున్నారు కదా, ఏం కనబడుతుంది?

సూత్రపాఠం | ఆదివారం, సాయంత్రం 4:30

కాశీ మాట సూత్రంలో లేదు, గొడుగూ చెప్పులూ కర్రా ఉన్నాయి. అవి స్నాతకానివి. గురువు దగ్గర చదువు ముగించుకున్నవాడు స్నానం చేసి, దండ వేసుకుని, కాటుక పెట్టుకుని, అద్దంలో చూసుకుని, చెప్పులు తొడుక్కుని, గొడుగూ కర్రా పట్టుకుంటాడు. బ్రహ్మచారికి ఇవేవీ కూడవు. అక్కడికి బావమరిది వచ్చి గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి బతిమాలి వెనక్కి తీసుకురావడం తరువాత ఇళ్ళలో పుట్టిన ఆచారం, తెలుగు తమిళం రెండు వైపులా ఉంది.

ఇవన్నీ ఒక్క పూటలో కుక్కేసరికి ఏది ఎందుకో తెలియకుండా పోయింది. సూత్రం ప్రకారం పెళ్ళయ్యాక మూడు రాత్రులు ఇద్దరూ నేల మీద పడుకోవాలి, ఉప్పూ కారాలూ మానాలి, బ్రహ్మచర్యం పాటించాలి. పక్కల మధ్య గంధం పూసి బట్ట చుట్టిన కర్ర ఉంటుంది. నాలుగో రాత్రి గడిచాకే కాపురం. ఒకరికొకరు కొత్తవాళ్ళైన ఇద్దరికి దొరికిన ఆ వ్యవధి నాకు ఎంతో సంస్కారంగా కనబడుతుంది. పూలచెండ్లాట, బిందెలో ఉంగరం తీయడం లాంటివి అయిదు రోజుల పెళ్ళిలో తీరిగ్గా ఆడేవారు.

చుక్కల_మిద్దె | ఆదివారం, రాత్రి 7:55

అరుంధతి సంగతి నాకు వదలండి. సూత్రం ప్రకారం చుక్కలు పొడిచాక ధ్రువుణ్ణీ అరుంధతినీ చూపించాలి, మీది వైశాఖం కాబట్టి నిజంగానే చూపించవచ్చు! రాత్రి ఎనిమిది దాటాక ఉత్తరం వైపు తిరగండి. సప్తర్షి మండలం పైకెక్కి ఉంటుంది. గరిటె కాడలాంటి మూడు చుక్కల్లో నడిమిది వసిష్ఠుడు. కళ్ళు నిలిపి చూస్తే పక్కనే మినుకుమంటూ ఇంకో చిన్నది, అదే అరుంధతి. ముందు పెద్ద చుక్కను చూపించి ఆపైన చిన్నదానికి చూపు జరపడాన్నే పెద్దలు అరుంధతీ న్యాయం అన్నారు. శంకరుల భాష్యంలోనూ వస్తుంది. మార్గశిరంలో పెళ్ళయితే ఆ మండలం అర్ధరాత్రి దాటాకే పైకి వస్తుంది.

ధ్రువుడు మాత్రం కష్టం. చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువుడు కూడా నేలకు దాదాపు 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఎదురుగా నాలుగంతస్తుల ఇల్లు ఉంటే అంతే. సాయంత్రం రిసెప్షన్ మధ్యలో పిల్లలిద్దర్నీ మండపం మేడ మీదికి తీసుకెళ్ళండి, లైట్లు ఆపించండి. నేను బైనాక్యులర్ తీసుకుని వస్తాను, పిలుపు కూడా అక్కర్లేదు.

నిండుజాబిలి | ఆదివారం, రాత్రి 9:10

నాతిచరామి గురించీ, ఆ శాసనం గురించీ నాన్నకు చదివి వినిపించాను. ఈసారి లేచి వెళ్ళలేదు. ధారపోసేటప్పుడు అమ్మ నీళ్ళు పోయడమే కాకుండా తనూ చెయ్యి కలపాలని అడిగాను, సరే అన్నారు. ఆ మాట మీద నాకింకా అభ్యంతరం ఉంది. దాని గురించి ఇంట్లో మళ్ళీ మాట్లాడతాను.

పెరంబూరు_అమ్మ | సోమవారం, రాత్రి 9:35

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇవాళ సాయంత్రం వెస్ట్ మాంబళం వెళ్ళాం. మా పురోహితుడు "ధ్రువం తే" మంత్రం చెప్పగానే వాద్యార్ తానూ అందుకుని స్వరంతో పూర్తి చేశారు. జీలకర్ర బెల్లం ఖాయం. తాళి సంగతిలో, వాళ్ళ తాళీ మా పుస్తెలూ ఒకే పసుపుతాడుకు గుచ్చుతాం. మొదటి ముడి అబ్బాయి, తక్కిన రెండూ వాళ్ళక్క. ఊంజల్ మీద పాటలు ఇద్దరి వైపు వాళ్ళూ పాడతారు.

నా సంగతి నేనే చెప్పాను. తాళి పళ్ళెం అందరి దగ్గరికీ తిప్పి తాకించేది నేనేనని. అబ్బాయి బామ్మగారు, ఆవిడా నాలాంటివారే, "నాకు కూడా ఆ పని ఇవ్వు" అన్నారు. ఇద్దరం కలిసి తిప్పుతాం. మా వాళ్ళల్లో ఆ మాట అన్నవారు ఇంకా ముభావంగానే ఉన్నారు. ఉండనీ. అమ్మాయి ఇవాళ నా పక్కన కూర్చుని అన్నం తింది.

రెండు చిన్న ప్రశ్నలు. పేలాలు పోయడానికి మా అమ్మాయికి తోడబుట్టినవాడు లేడు, తమ్ముడి కొడుకు పోయవచ్చా? శుభలేఖలో ఎవరి పేరు వేయాలి?

సూత్రపాఠం | సోమవారం, రాత్రి 10:05

తమ్ముడి కొడుకు నిక్షేపంగా పోయవచ్చు. వరి పేలాలు రెండు దోసిళ్ళ చొప్పున ఎక్కువే ఉంచండి, చిన్నపిల్లాడు అయితే సగం కింద పోస్తాడు. సన్నికల్లు మండపంలో ఉండదు, ఇంటి నుంచి తీసుకెళ్ళండి. కాడి వాద్యార్ తెస్తారు, నేను కనుక్కున్నాను.

లా_కాలేజీ_వీధి | సోమవారం, రాత్రి 10:20

శుభలేఖలో ఆహ్వానించేవారిగా మీ పేరే వేయండి అమ్మా, తమ్ముడి దంపతుల పేర్లు కింద వేయవచ్చు. రెండు కాపీలు విడిగా దాచండి. తమిళనాడు 2009 చట్టం ప్రకారం పెళ్ళయిన 90 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి. దానికి శుభలేఖ, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, ఫోటోలు, సాక్షులు కావాలి. ఆధార్‌లో ఇంటిపేరు, స్పెల్లింగ్ పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోయాయో లేదో ఇప్పుడే చూసుకోండి. తమిళుల ఇనిషియల్, మన ఇంటిపేరు కలిసేచోట ఈ ఊళ్ళో ఎక్కువ ఆలస్యం అక్కడే అవుతుంది.